ఆన్‌లైన్ వేలంపాటలో హోటల్ గది: మధ్యశ్రేణి దగ్గర ఆగాలా, ఉన్నతశ్రేణికి పాడాలా?

దారిదీపం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో పని మీద ఒక పెద్ద నగరానికి వెళ్ళి నాలుగు రాత్రులు ఉండవలసి ఉంది. బుధ, గురువారం రాత్రులు నేను ఒక్కడినే ఉంటాను, పగలంతా ఆఫీసు పనిలోనే గడిచిపోతుంది. శుక్రవారం సాయంత్రానికి మా అమ్మగారు వచ్చి చేరతారు. శనివారమంతా ఊరు చూసి ఆదివారం తిరుగుప్రయాణమవుతాం.

హోటల్ పేరు చెప్పకుండా, అది ఉన్న ప్రాంతాన్నీ స్టార్ల స్థాయినీ మాత్రమే చూపించి, ధర మనల్నే పాడమనే సైటు ఒకటి చూశాను. పాటకు హోటల్ ఒప్పుకుంటే కార్డు నుంచి సొమ్ము అక్కడికక్కడే పోతుంది, ఆ తర్వాతే పేరు తెలుస్తుంది, మానుకుంటే పైసా వెనక్కి రాదు. రెండున్నర, మూడు స్టార్ల మధ్యశ్రేణికి పాడి ఊరుకోవాలా, నాలుగు స్టార్లకు పాడాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇతరులకు వచ్చిన ధరలు చూస్తే రెండింటికీ మధ్య తేడా ఐదోవంతు కూడా కనిపించడం లేదు. అంత తక్కువ తేడాకు పెద్ద హోటల్‌ను వదులుకోవడం తెలివైన పని కాదనిపిస్తోంది గానీ, లెక్కలో ఎక్కడో పొరపాటు పడుతున్నానేమోనన్న అనుమానం కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

లెక్కలపుస్తకం

మీ అనుమానం సరైనదే. మీరు గది ధరలను పోల్చారు. బస మొత్తానికి అయ్యే ఖర్చును పోలిస్తే బొమ్మ మారిపోతుంది. ఒకే పేరుతో చాలా ఊళ్ళలో నడిచే మధ్యశ్రేణి గొలుసు హోటళ్ళలో చాలావాటికి ఉదయపు ఫలహారం, ఇంటర్నెట్, చాలాచోట్ల కారు నిలుపుకోవడం కూడా గది ధరలోనే కలిసి ఉంటాయి. ఉన్నతశ్రేణి హోటల్లో వీటిలో ప్రతిదానికీ విడిగా బిల్లు పడటం మామూలే. మధ్యశ్రేణి గదికి 100 పాళ్ళు, ఉన్నతశ్రేణి గదికి 118 పాళ్ళు పాడారనుకుందాం. ఇద్దరి ఫలహారానికి 20, కారుకు 25 చేరితే మీరు చూసిన 18 పాళ్ళ తేడా 63 అవుతుంది. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. కారు లేనివారికి ఆ 25 పోతుంది, ఉదయం కాఫీతో సరిపెట్టుకునేవారికి ఆ 20 పోతుంది. అందుకే ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదు.

ఇంకొక సంగతి. కొన్ని హోటళ్ళు రిసార్టు రుసుమనీ, సౌకర్యాల రుసుమనీ గది ధర మీద రాత్రికి ఇంతని తప్పనిసరిగా వసూలు చేస్తాయి. పాటలో గెలిచినవారు కూడా దాన్ని హోటల్లో దిగాక కట్టవలసిందే. అమెరికాలో 2025 మే 12 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, బస ధర చూపించేటప్పుడు ఇలాంటి తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే చూపాలి. ప్రభుత్వ పన్నులను మాత్రం విడిగా చూపవచ్చు. అలాంటి నియమం లేనిచోట పాడే ముందు చిన్న అక్షరాలన్నీ చదవక తప్పదు.

నాలుగోఅంతస్తు

లెక్కలపుస్తకం గారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, ఆ లెక్కలో వారం రోజులన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద హోటళ్ళు చాలావరకు ఆఫీసు పని మీద వచ్చేవారి మీద ఆధారపడి నడుస్తాయి. వాళ్ళు సోమవారం దిగి గురువారం సాయంత్రానికో శుక్రవారం ఉదయానికో వెళ్ళిపోతారు. ఆ తర్వాత రెండు రాత్రులు వందల గదులు ఖాళీగా ఉంటాయి. శుక్ర, శనివారాలకు ఉన్నతశ్రేణికి పాడితే చౌకగా రావడానికి కారణం అదే. విహారస్థలాల్లో మాత్రం ఇది పూర్తిగా తలకిందులవుతుంది, అక్కడ శనివారమే గిరాకీ. దారిదీపం గారు వెళ్ళేది కార్యాలయాల నగరమైతే నాలుగు రాత్రులకూ కలిపి ఒకే పాట పాడవద్దని నా సలహా. కలిపి పాడితే నాలుగు రాత్రులూ గది ఇవ్వగలిగిన హోటల్ మాత్రమే ఒప్పుకోగలదు, గురువారం ఒక్కరోజు నిండిపోయిన హోటళ్ళన్నీ పోటీలోంచి తప్పుకుంటాయి.

పాటదారు

ఈ పద్ధతిని ప్రైస్‌లైన్ అనే అమెరికా సైటు రోజుల నుంచి వాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ధర కొనేవాడే చెప్పే పద్ధతితో ప్రైస్‌లైన్ 1998లో మొదలైంది. ముందు విమాన టికెట్లు, తర్వాత హోటల్ గదులు. 2000లో మొదలైన హాట్‌వైర్ అనే ఇంకొక సైటు ధరను తానే చూపించి, పేరు మాత్రం దాచిపెట్టింది. ప్రైస్‌లైన్ కూడా తర్వాతి కాలంలో పాట పద్ధతిని వదిలేసి, పేరు దాచిన గదులను ధర తానే చూపించి అమ్మడం మొదలుపెట్టింది. ధర ఎవరు చెప్పినా దీని వెనక ఉన్న కారణం మాత్రం ఒక్కటే. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన గదిని రేపు అమ్ముకోలేరు. గది శుభ్రం చేయించడానికీ, దుప్పట్లు ఉతికించడానికీ అయ్యే కొద్దిపాటి ఖర్చు పోను ఎంతొచ్చినా హోటలుకు మిగులే. అలాగని ఆ తక్కువ ధరను తన సొంత సైటులో పెడితే పూర్తి ధర ఇవ్వడానికి సిద్ధపడినవారు కూడా దానికే వస్తారు. అందుకే పేరు దాచుకుని అమ్ముతుంది.

దీన్ని అర్థం చేసుకుంటే దారిదీపం గారికి కనిపించిన ఐదోవంతు తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. మామూలు ధరకూ గది నిర్వహణ ఖర్చుకూ మధ్య ఎడం ఉన్నతశ్రేణిలో ఎక్కువ, కాబట్టి దిగివచ్చే వీలు కూడా వాళ్ళకే ఎక్కువ. మధ్యశ్రేణి హోటల్ మామూలు ధరే తక్కువ, తగ్గించినా కొంతవరకే తగ్గించగలదు. అందువల్ల పాటలో రెండు శ్రేణుల ధరలూ దగ్గరకు వస్తాయి గానీ, లెక్కలపుస్తకం గారు చెప్పిన పైఖర్చులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇన్నేళ్ళలో నేను గట్టిగా పట్టుకున్న పద్ధతి ఇది. పాడే ముందు ఆ ప్రాంతంలో ఆ స్టార్ల స్థాయిలో ఉన్న హోటళ్ళన్నిటి పేర్లూ ఒక కాగితం మీద రాసుకుంటాను. ఒక్కొక్కదాని గురించి బస చేసినవారు రాసిన తాజా అభిప్రాయాలు చదివి, వాటిలో నాకు అన్నిటికంటే నచ్చని పేరు చుట్టూ పెన్నుతో గీత గీస్తాను. ఆ గీత లోపలి హోటలే వస్తుందనుకుని, దానికి ఎంతవరకు ఇస్తానో అంతవరకే పాడతాను. మనసులో ఉన్నది పై వరుసలోని హోటల్, చేతికి వచ్చేది కింది వరుసలోనిది అయినప్పుడే మనిషి బాధపడేది. ఆ చివరి పేరుకు ఏ ధరా ఇవ్వాలనిపించకపోతే ఆ స్థాయికి ఆ ప్రాంతంలో అసలు పాడను.

ఈ పద్ధతిలో చూస్తే నాకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టింది మూడు స్టార్ల స్థాయే. రెండున్నర స్టార్లలో కనిపించేవి ఎక్కువగా ఆఫీసు ప్రయాణికుల కోసం ఒకే అచ్చులో కట్టిన గొలుసు హోటళ్ళు. కోర్ట్‌యార్డ్ 1983లోనూ, హాంప్టన్ 1984లోనూ మొదలయ్యాయి; ఆ తరహా హోటల్లో గది ఏ ఊళ్ళోనైనా దాదాపు ఒకేలా ఉంటుంది. నాలుగు స్టార్లలో కూడా ఒక ప్రమాణం కింద పడిపోని హోటళ్ళే ఎక్కువ. మధ్యలో ఉన్న మూడు స్టార్లలో మాత్రం నిన్న తెరిచిన హోటలూ ఉంటుంది, ఒకప్పుడు పెద్ద పేరుండి ముప్పై ఏళ్ళుగా తివాచీ మార్చని హోటలూ ఉంటుంది.

కొత్తబాట

స్టార్లు ఇచ్చేవారు తనిఖీ చేసి ఇవ్వరా? తివాచీ మార్చని హోటలుకు మూడు స్టార్లు ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు.

పాటదారు

కొత్తబాట గారూ, ప్రపంచమంతటికీ కలిపి స్టార్లు ఇచ్చే సంస్థ ఏదీ లేదు. కొన్ని దేశాల్లో ప్రభుత్వం ఇస్తుంది, కొన్నిచోట్ల హోటళ్ళ సంఘాలు ఇస్తాయి. ఐరోపాలో కొన్ని దేశాల సంఘాలు కలిసి 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్ పేరుతో ఉమ్మడి కొలమానం పెట్టుకున్నాయి. పాట పాడించే సైట్లలో కనిపించేవి మాత్రం చాలావరకు ఆ సైటు తనకు తాను వేసుకున్న స్టార్లే. ఒకే హోటల్ ఒక సైటులో మూడు, ఇంకొక సైటులో మూడున్నర అయి ఉండటం నేను స్వయంగా చూశాను. పైగా స్టార్లు ప్రధానంగా సౌకర్యాల లెక్క. ఈతకొలను ఉందా, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడా, గదికి భోజనం పంపుతారా అన్నవి లెక్కకు వస్తాయి గానీ, గది ఎంత పాతబడిందో, పక్క గదిలో మాటలు వినిపిస్తాయో లేదో వాటిలోంచి తెలియదు. కాబట్టి మీరు పాడబోయే సైటు ఇచ్చిన స్టార్ల ప్రకారమే కాగితం మీద జాబితా రాసుకోవాలి, వేరే సైటులోది తెచ్చి ఇక్కడ పెట్టకూడదు.

రాత్రిడ్యూటీ

నేను ఒక నగర హోటల్లో కొన్నేళ్ళు రిసెప్షన్‌లో పనిచేశాను. బల్లకు ఇవతలి వైపు నుంచి కనిపించేది చెబితే ఉపయోగపడుతుందనుకుంటున్నాను.

బుకింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో మా తెర మీద కనిపించేది. పొద్దున్నే గదులు కేటాయించేటప్పుడు ముందు హోటల్ సభ్యత్వం ఉన్నవారికీ, నేరుగా పూర్తి ధరకు తీసుకున్నవారికీ వాళ్ళు అడిగిన గదులు పెట్టేవాళ్ళం. పేరు దాచిన సైట్ల నుంచి వచ్చినవారికి మిగిలినవి వెళ్ళేవి: లిఫ్టు పక్క గది, గోడకు ఎదురుగా కిటికీ ఉన్న గది. ఇందులో ద్వేషమేమీ లేదు, వరుసలో ఎవరో ఒకరు చివర ఉండాలి, అంతే. ఒకవేళ గదులకు మించి బుకింగులు తీసుకుని ఎవరినైనా వేరే హోటలుకు పంపవలసి వస్తే మా దగ్గర మొదట పంపింది కూడా వీళ్ళనే. ఇలాంటి బుకింగులకు హోటల్ సభ్యత్వపు పాయింట్లు కూడా సాధారణంగా రావు.

దారిదీపం గారి విషయంలో నన్ను ఆలోచింపజేసింది అమ్మగారి సంగతి. ఇటువంటి పాటలో సాధారణంగా ఇద్దరు పెద్దవాళ్ళకు సరిపోయే గది అని మాత్రమే హామీ ఉంటుంది, రెండు మంచాలు ఉంటాయన్న హామీ ఉండదు. ఉన్నతశ్రేణి హోటళ్ళలో చాలా గదులు ఒకే పెద్ద మంచంతో ఉంటాయి, రెండు మంచాల గదులు సాయంత్రానికే అయిపోతాయి. ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక తండ్రీ కొడుకూ వచ్చారు. నాలుగు స్టార్లు చాలా చౌకగా దొరికాయని కొడుకు ముఖం వెలిగిపోతోంది. ఒకే మంచం ఉన్న గది తప్ప ఇంకేమీ మిగల్లేదని చెప్పాక అతను తండ్రి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అదనపు మంచం వేయిద్దామంటే ఆ గదిలో చోటు లేదు. పెద్దాయన మంచం మీద, కుర్రవాడు రెండు దుప్పట్లు పరుచుకుని కింద పడుకున్నారు. మధ్యశ్రేణిలో కూడా ఈ హామీ లేదు గానీ, అక్కడ రెండు మంచాల గదులు ఎక్కువగా ఉంటాయి.

నాలుగోఅంతస్తు

ముందురోజు హోటలుకు ఫోన్ చేసి బుకింగ్ నంబరు చెప్పి మర్యాదగా అడిగితే రెండు మంచాలు ఇచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

రాత్రిడ్యూటీ

ఇస్తారు, నేను కూడా ఇచ్చాను. ముందురోజు ఫోన్ చేసి, మర్నాడు సాయంత్రం కాకుండానే వచ్చి దిగితే దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. అయితే అవకాశం వేరు, హామీ వేరు. ఒంటరిగా ప్రయాణించేవారు అవకాశం మీద ఆధారపడవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో వెళ్ళేవారు ఆధారపడకూడదని నేను గట్టిగా చెబుతాను. మంచం ఒక్కటే కాదు, స్నానాలగదిలో తొట్టి ఉంటే దాని అంచు దాటి లోపలికి దిగాలి. తొట్టి లేని స్నానాలగది కావాలని పాటలో అడిగే వీలే లేదు.

లెక్కలపుస్తకం

డెబిట్ కార్డు వాడేవారికి ఒక హెచ్చరిక. గదిలో దిగేటప్పుడు పైఖర్చులకని కొంత మొత్తాన్ని కార్డు మీద నిలిపి ఉంచుతారు, ఉన్నతశ్రేణిలో ఆ మొత్తం ఎక్కువ. క్రెడిట్ కార్డయితే పరిమితిలో కొంత తగ్గుతుంది, అంతటితో సరి. డెబిట్ కార్డయితే మన ఖాతాలోని సొమ్మే కొన్ని రోజులు చేతికి అందదు. పాటలో మిగిల్చిన డబ్బును ప్రయాణంలో ఖర్చు పెట్టుకుందామనుకున్నవారు ఇక్కడ ఇరుక్కుంటారు.

దారిదీపం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్న మాట నేను రాయలేదు గానీ, రాత్రిడ్యూటీ గారు ఊహించింది అక్షరాలా నిజం. పాటదారు గారు చెప్పినట్టు కాగితం తీసుకుని కూర్చున్నాను. నా పని ఉన్న ప్రాంతంలో రెండున్నర స్టార్లవి నాలుగు హోటళ్ళు, మూడు స్టార్లవి ఆరు, నాలుగు స్టార్లవి ఐదు ఉన్నాయి. మూడు స్టార్ల ఆరింటిలో రెండింటి గురించి రాసినవారంతా గదుల్లో తేమ వాసన అంటున్నారు. రెండున్నర స్టార్ల నాలుగింటిలో ఏది వచ్చినా నాకు అభ్యంతరం లేదు. పాట ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంతెంత పెంచాలో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.

పాటదారు

ముందుగా మూడు నాలుగు సైట్లలో పేరుతో సహా కనిపించే మామూలు ధరల్లో అన్నిటికంటే తక్కువది చూసుకోండి. పన్నులు, సైటు రుసుము మీ పాట మీద అదనంగా పడతాయి కాబట్టి, అవి కలిపాక కూడా ఆ మామూలు ధరకు స్పష్టంగా తక్కువగా ఉండాలి. కొద్దిపాటి తేడా కోసం రద్దు చేసుకునే హక్కును వదులుకోవడంలో అర్థం లేదు. మామూలు ధరకు సగం దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్ళండి.

అయితే ఒక పాట తిరస్కరిస్తే అదే పాటను ధర మాత్రం మార్చి వెంటనే మళ్ళీ పాడనివ్వరు. ప్రైస్‌లైన్‌లో ఇందుకు 24 గంటలు ఆగవలసి వచ్చేది, లేదా ఇంకొక ప్రాంతాన్ని చేర్చాలి, లేదా స్టార్ల స్థాయి మార్చాలి. ఆ రోజుల్లో మేము చేసిన పని ఏమిటంటే, మాకు కావలసిన స్థాయి హోటల్ ఒక్కటి కూడా లేని ప్రాంతాన్ని వెతికి దాన్ని చేర్చేవాళ్ళం. అక్కడ ఆ స్థాయి హోటలే లేదు కాబట్టి దూరంగా ఎక్కడో తగులుతుందన్న భయం ఉండదు, మళ్ళీ పాడే అవకాశం మాత్రం వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక స్థాయికి పాడితే దానికి పైస్థాయి హోటల్ కూడా ఆ ధరకు ఒప్పుకుని గది ఇవ్వవచ్చు. కాబట్టి చేర్చే ప్రాంతంలో మీ స్థాయివీ, అంతకు పైవీ ఏవీ లేవని నిర్ధారించుకోవాలి. ఉన్నతశ్రేణికి పాడేవారికి ఇలాంటి ప్రాంతాలు ఎక్కువగా దొరుకుతాయి, రెండున్నరకు పాడేవారికి తక్కువ. మీ సైటులో ఈ నియమం ఎలా ఉందో ముందు చదివి చూడండి.

ఒంటరిగా ఉండే రెండు రాత్రులకు రెండున్నర స్టార్లకు పాడండి. అమ్మగారితో ఉండే రెండు రాత్రులకు మాత్రం, ఇన్నేళ్ళుగా పాడుతున్న నేనే చెబుతున్నాను, పాడవద్దు.

కొత్తబాట

మరి ఆ రెండు రాత్రులకు ఉన్నతశ్రేణిని వదులుకోవలసిందేనా?

నాలుగోఅంతస్తు

అక్కరలేదు. శుక్ర, శనివారాల్లో గిరాకీ పడిపోయినప్పుడు పేరు దాచినచోటే కాదు, హోటల్ సొంత సైటులో కూడా ధర కొంత దిగుతుంది. పాటలో దొరికినంత చౌకగా రాదు గానీ, రెండు మంచాలు రాసి మరీ ఇస్తారు, రద్దు చేసుకునే వీలుంటుంది. తర్వాత ధర ఇంకా తగ్గితే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు. కొన్ని హోటళ్ళు బుక్ చేసుకున్నవారికి ఈమెయిలు పంపి, పైతరగతి గదికి ఎంత అదనంగా ఇస్తారో పాడమంటాయి. అక్కడ హోటల్ ఏదో ముందే తెలుసు, ఓడినా తొలి గది చేతిలోనే ఉంటుంది. కాకపోతే ఆ పైగదిలో కూడా రెండు మంచాలున్నాయో లేదో చూసుకునే పాడాలి.

దారిదీపం

ప్రయాణం ముగించుకుని నిన్ననే ఇల్లు చేరాను కనుక జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

బుధ, గురువారాలకు రెండున్నర స్టార్లకు పాడాను. మొదటి రెండు పాటలూ తిరస్కరించారు, మూడోది నిలిచింది. పన్నులు, సైటు రుసుము కలిపాక మామూలు ధరలో దాదాపు మూడింట రెండు వంతులయింది. కాగితం మీద నేను మూడో స్థానంలో రాసుకున్న హోటల్ వచ్చింది. గది లిఫ్టు పక్కనే ఇచ్చారు, రాత్రి పన్నెండు వరకు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మర్నాడు అడిగితే వెనక వైపు గదికి మార్చారు. ఫలహారం, ఇంటర్నెట్ గది ధరలోనే వచ్చాయి, విడిగా ఒక్క బిల్లు కూడా పడలేదు.

శుక్ర, శనివారాలకు ఒక నాలుగు స్టార్ల హోటల్ సొంత సైటులో రెండు మంచాల గది రద్దు చేసుకునే వీలుతో తీసుకున్నాను. వారం ముందు ధర కొంచెం తగ్గితే పాతది వదిలి మళ్ళీ తీసుకున్నాను. రాత్రిడ్యూటీ గారి మాట గుర్తుపెట్టుకుని, ఫోన్ చేసి తొట్టి లేని స్నానాలగది కావాలని అడిగితే బుకింగ్ మీద రాసుకున్నారు. ఎవరం ఊహించనిది ఒకటి జరిగింది. ఉన్నతశ్రేణి మంచం పరుపుతో కలిపి బాగా ఎత్తు, అమ్మ కూర్చోబోతే కాళ్ళు నేలకు అందలేదు. కిందికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో రెండు మెట్ల చిన్న పీట తెచ్చి మంచం పక్కన పెట్టారు. ఫలహారం విడిగా కొనుక్కున్నాం. కారు తీసుకెళ్ళలేదు. అన్నీ కలిపి ఆ రెండు రాత్రులకు అయిన ఖర్చు మొదటి రెండు రాత్రులకు రెండింతల కంటే కొద్దిగా ఎక్కువ.

రాత్రిడ్యూటీ

ఆ పీట సంగతి ఇక్కడ రాసి మంచి పని చేశారు. పెద్దవారితో వెళ్ళేవారు ఫోన్ చేసేటప్పుడు మంచం ఎత్తు కూడా అడగవచ్చు. పీట ఉంటే ముందే గదిలో పెట్టించమంటే పెట్టిస్తారు.